గనికి ముందటి నీళ్లు

మాచర్లలో నాపరాయి పరవని ఇల్లు అరుదు. చిన్నప్పుడు మా వంటింటి బండ మీద నిమ్మరసం ఒలికితే సన్నగా నురగ లేచేది. ఎంత తుడిచినా అక్కడ నునుపు పోయి తెల్లమచ్చ మిగిలేది. పులుపు తగిలితే సున్నపురాయి కరుగుతుందని నాకు తెలిసింది అలా. ఆ తర్వాత గనుల పక్క వాగుల్లో నీళ్లు పట్టి పరీక్షించే పనిలో పడ్డాను. ఆ మచ్చ మాత్రం నా వెంటే వస్తోంది.

గని వల్ల వాగు చెడిందంటే అందరూ ఎర్రనీళ్ల కోసం చూస్తారు. ఇనుము, గంధకం కలిసిన ఖనిజం పైరైట్‌కి గాలీ నీరూ తగిలితే ఆమ్లం పుడుతుంది, ఇనుము తుప్పులా అడుగున పేరుకుంటుంది. స్పెయిన్‌లో రియో టింటో నది ఎర్రగా పారేది అందుకే. మన పల్నాడులో ఆ గుర్తు పనికిరాదు. వినుకొండ వైపు అగ్నిగుండాల ప్రాంతంలో, బండ్లమోటు దగ్గర హిందుస్థాన్ జింక్ సీసం తవ్వి, తర్వాత గనిని మూసేసింది. అక్కడి సీసపు ఖనిజం గెలీనా ఉన్నది డోలమైట్ రాతిలో. ఆమ్లం పుట్టినా డోలమైట్ దాన్ని విరిచేస్తుంది. అలాంటి రాతి మీద పారే నీళ్లు అద్దంలా ఉంటాయి. నీళ్లలో నిలవలేని సీసం కార్బొనేటుగా మారి ఒండ్రులో దిగుతుంది. కాబట్టి చూడాల్సింది నీళ్లొక్కటే కాదు, బురద కూడా.

నీళ్లలో కొలిచేటప్పుడు కూడా సీసం ఎలా తప్పించుకుంటుందో నేను తప్పు చేసి నేర్చుకున్నాను. మూతబడిన ఒక గని కింది వాగులో పన్నెండు సీసాలు పట్టాను. దిగువ నుంచి ఎగువకి నడిచాను, ప్రవాహానికి ఎదురుగా నిలబడ్డాను, ప్రతి సీసానీ ఆ నీళ్లతోనే మూడుసార్లు కడిగాను. అన్నీ సరిగ్గా చేసి, వడగట్టిన నీళ్లలో నైట్రిక్ ఆమ్లం చుక్కలు వేయడం మాత్రం మరిచిపోయాను. ఆ చుక్కలు పడకపోతే సీసం సీసా గోడకి అంటుకుపోతుంది. ల్యాబ్ కాగితంలో సీసం లేదని వచ్చింది. లీటరుకి 0.01 మిల్లీగ్రాము దాటితే తాగకూడదని మన ప్రమాణం. అంత చిన్న అంకె దగ్గర ఇలాంటి మరుపు చాలు, ఒక ఊరికి అబద్ధం చెప్పడానికి. ఆ రోజు ఒడ్డున గొర్రెలు కాసే పెద్దాయన, "నాయనా, ఈ నీళ్లు జీవాలకి పెట్టొచ్చా?" అని అడిగాడు. నేను మళ్లీ వెళ్లి, మళ్లీ పట్టి, ఆ తర్వాతే ఆయనకి జవాబు చెప్పాను.

దీనికన్నా కష్టమైన ప్రశ్న ఇంకోటుంది: ఆ లోహం గని నుంచి వచ్చిందా, కొండ నుంచి వచ్చిందా? అగ్నిగుండాల రాగి గనుల ప్రస్తావన ఉన్న, ఈస్టిండియా కంపెనీ వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ హైన్ పుస్తకం అచ్చయింది 1814లో. అంటే హిందుస్థాన్ జింక్ రాకముందే అక్కడ తవ్వకాలున్నాయి. ఆ తవ్వకాలకి ముందు కూడా ఖనిజపు కొండ మీద కురిసిన వాన ఎంతో కొంత లోహాన్ని కిందికి తెస్తూనే ఉంది. ఆనాటి నీళ్లు ఇప్పుడు ఏ సీసాలో పడతాం?

అందుకే నా ధ్యాసంతా ఇంకా గని రాని కొప్పునూరు మీద. మాచర్ల దగ్గరే ఉన్న ఆ ఊరి కింద, క్వార్ట్జైట్‌లోనూ దాని అడుగు గ్రానైట్‌లోనూ యురేనియం ఉందని అటామిక్ మినరల్స్ డైరెక్టరేట్ బోర్లు వేసి తేల్చింది. యురేనియం తీరు సీసానికి తలకిందులు. సున్నం, కార్బొనేటు ఉన్న నీళ్లలో సీసం దిగిపోతే, యురేనియం కరిగి ప్రయాణం చేస్తుంది. కడప జిల్లా తుమ్మలపల్లెలో ఖనిజం నుంచి దాన్ని సోడియం కార్బొనేటుతో కరిగించి తీసేది ఈ గుణాన్ని నమ్ముకునే. అక్కడ కె.కె. కొట్టాల రైతులు బోరునీళ్లు చెడ్డాయని మొరపెట్టుకున్నారు, 2018లో కాలుష్య నియంత్రణ మండలి గని సంస్థకి నోటీసులిచ్చింది. అలాంటి తగువులో అసలు సాక్షి గనికి ముందటి నీళ్లే.

గని అనుమతికి నీటి లెక్క అడుగుతారు, నిజమే. సాధారణంగా అది ఒక్క సీజను లెక్క, అదీ వానాకాలం వదిలేసి. మన వాగులు ఏడాదిలో సగం ఎండే ఉంటాయి. వేసవంతా రాళ్ల మీద పేరుకున్న లవణాలు తొలకరి మొదటి నీళ్లతోనే కొట్టుకొస్తాయి. ఆ మొదటి నీళ్లు పారే రెండు గంటలు పట్టుకోని లెక్కకి నేను విలువివ్వను.

గని వస్తుందో రాదో నాకనవసరం. కొప్పునూరు చుట్టూ ఉన్న బోర్లు, వాగులు, ఎత్తిపోతల దగ్గర దూకే ముందు చంద్రవంక వాగు, వీటి లెక్క ఇప్పుడే, ఏటా, వానలోనూ ఎండలోనూ రాసి ఉండాలి. పీహెచ్, విద్యుద్వాహకత చూసే చేతి మీటరు కాలేజీ ల్యాబు కొనగలిగినదే. మా ఊరి సైన్సు మాస్టార్లని నేను బతిమాలుతున్నది దీని కోసమే.

నా వంతుగా చంద్రవంక ఒడ్డున మూడు చోట్లు గుర్తుపెట్టుకున్నాను. సీసాలు కడిగి బోర్లించాను. ఆమ్లం చుక్కల సీసాని సంచిలో అన్నిటికన్నా పైన పెట్టాను. తొలకరి పడాలి.