బర్రెలు వెళ్లిపోయాక భరత్‌పూర్

సైన్సు పాఠంలో ఫలితమే ఉంటుంది గాని దాన్ని చేరడానికి పడిన తడబాటు ఉండదన్నది ఈ శీర్షిక పాఠకులకు పాత ఫిర్యాదే. గడ్డి నుంచి మిడతకు, మిడత నుంచి కప్పకు బాణాలు గీసి, కింద ఒక అంకెల పట్టిక అతికించి, ఆవరణశాస్త్రం అంటే ఇంతేనని తేల్చేసిన పాఠం ఒకటి ఈ వారం కంటపడటంతో ఆ ఫిర్యాదు మళ్లీ తలెత్తింది. జీవులకూ వాటి పరిసరాలకూ గల సంబంధాలను పరిశీలించే ఈ శాస్త్రాన్ని పరిశోధనల కథలుగా చెబితేనే విద్యార్థి మనసుకెక్కుతుందని వాదించడానికి రాజస్థాన్‌లోని భరత్‌పూర్ ఉదంతం ఒక్కటి చాలు.

అక్కడి కియోలాదేవ్ జాతీయ పార్కు వైశాల్యం సుమారు 29 చదరపు కిలోమీటర్లు. లోతు తక్కువ నీరు నిలిచే అందులోని చిత్తడి నేలలు శీతాకాలంలో వేలాది వలస పక్షులకు విడిది కాగా, చుట్టుపక్కల గ్రామాల బర్రెలకు తరతరాలుగా మేతబీళ్లు. పశువుల వల్ల పక్షుల ఆవాసం పాడవుతుందన్నది నాటి సంరక్షకుల గట్టి నమ్మకం, ప్రఖ్యాత పక్షిశాస్త్రవేత్త సలీం అలీదీ అదే అభిప్రాయం. 1982లో మేతను నిషేధించగా గ్రామస్థులు తిరగబడ్డారు, పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత జరిగింది ఎవరూ అనుకోనిది: బర్రెల నోటికి దొరికినంతకాలం అదుపులో ఉన్న పాస్పాలమ్ అనే నీటిగడ్డి మడుగుల నిండా అల్లుకుపోయి, పక్షులు ఈదడానికీ మేత వెతుక్కోవడానికీ కావలసిన తేట నీటిని మింగేసింది, పక్షులూ తగ్గాయి. సలీం అలీ అనుబంధం పెనవేసుకున్న బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీయే 1980లో మొదలుపెట్టి పదేళ్లు సాగించిన అధ్యయనంలో, ఆ చిత్తడి నేలకు బర్రెల మేత మేలే చేసేదని తేలింది.

కథను ఇక్కడ ముగిస్తే తరగతి మురిసిపోతుంది. చిక్కంతా ఆ మురిపెంలోనే ఉంది. ముగింపు తెలిసి చెప్పే కథలో ఫలితం ముందే రాసిపెట్టినట్టు, పొరపడినవారు తెలివితక్కువవారైనట్టు కనిపిస్తారు. పశువులు చేటన్న పాత నమ్మకం పోయి, ఎక్కడైనా మేలేనన్న కొత్త నమ్మకం ఆ స్థానంలో కూర్చుంటుంది. పార్కుకు చేరే నీరు ఏటేటా మారుతుంది గనుక, పక్షుల తగ్గుదలలో నిషేధం పాత్ర ఎంత, నీటి కొరత పాత్ర ఎంత అన్న ప్రశ్నకు కథ జవాబివ్వలేదు; ఏటివారీ లెక్కలను పక్కపక్కన పెట్టి చూస్తేనే ఆ రెంటినీ విడదీయడం మొదలవుతుంది. కాబట్టి ఈ శీర్షిక ఇన్నాళ్లూ వెక్కిరించిన అంకెల పట్టికే ముందు రావాలి. కథను 1982 దగ్గర ఆపి, ఇకపై ఏమవుతుందో, అది నిజమో కాదో తేలాలంటే ఏం కొలవాలో విద్యార్థి చేతనే రాయించాలి. పరీక్షకు నిలబెట్టదగిన ఇటువంటి ఊహనే పరికల్పన అంటారు. అది తప్పినందుకు మార్కులు కోసే పద్ధతి సాగినంతకాలం, సలీం అలీ అంతటివారు పొరపడ్డారన్న పాఠం కూడా బట్టీ పట్టవలసిన మరో జవాబుగానే మిగులుతుంది.