తప్పు ఎక్కడుందో చెప్పని వ్యాపకం

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాళ్ళు తమ గురించి రెండు ముక్కలు రాసుకోవలసి వస్తే సంగీతం, కాఫీ, ఫుట్‌బాల్ అని ఒకే గుక్కలో రాసేస్తారు. ఒకరిది గిటారు, ఒకరిది వయొలిన్. ఒకరికి ఆర్సెనల్, ఇంకొకరికి సొంతూరి జట్టు. పేర్లు మారినా కామాలు మాత్రం మారవు, మూడింటికీ అక్కడ ఒకటే విలువ. నాకు పేచీ ఆ కామాలతోనే. ఈ మూడూ ఒక జాతివి కావు. పక్కపక్కన పెట్టి చూడాలంటే ప్రోగ్రామరు వృత్తిలోంచే ఒక ప్రశ్న అరువు తెచ్చుకోవచ్చు: తప్పు జరిగినప్పుడు అది ఎక్కడ జరిగిందో తెలుస్తుందా?

కోడ్‌లో తెలుస్తుంది. ఆలస్యంగానైనా తెలుస్తుంది. ఏ ఫైలో, అందులో ఎన్నో లైనో లాగ్ చూపిస్తుంది. నిన్నటి వెర్షన్‌కి వెనక్కి పోవచ్చు, ఒక్కటంటే ఒక్కటి మార్చి మళ్ళీ నడిపి చూడవచ్చు. పగలంతా ఇలా బతికిన మనిషి సాయంత్రం ఏ వ్యాపకంలోకి వెళ్ళినా ఈ అలవాటు వెంట వస్తుంది. ఏ వ్యాపకం దాన్ని లోపలికి రానిస్తుంది, ఏది గుమ్మంలోనే ఆపేస్తుంది అన్నది చూడాలి.

కాఫీ తలుపులు బార్లా తీసే ఉంచుతుంది. 1950లలో అమెరికాలో ఎర్నెస్ట్ లాక్‌హార్ట్ అనే శాస్త్రవేత్త కాఫీ రుచిని ఒక పటంలోకి దించారు. పొడి బరువులో 18 నుంచి 22 శాతం నీళ్ళలోకి దిగితే కప్పు బాగుంటుందన్నది దాని సారాంశం. ఇవాళ వీ60 మీద కాఫీ చేసుకునే కుర్రవాడు ఆ పటం పేరు వినకపోయినా దాని నీడలోనే పనిచేస్తున్నాడు. 60 డిగ్రీల కోణంలో ఉండే గరాటు, గ్రాములో పదోవంతు చూపే తూకం, సన్నని మెడ ఉన్న కెటిల్, ఫోనులో టైమరు. పుల్లగా వచ్చిందా, గ్రైండరు ఇంకాస్త సన్నానికి తిప్పు. చేదెక్కిందా, ముతకకి తిప్పు. ఒకసారికి ఒక్కటే మార్చు, రేపు పొద్దున్న మళ్ళీ చూడు. ఇది డీబగ్గింగే, కాకపోతే చివర్లో తాగొచ్చు.

అదే వంటింట్లో స్టీలు ఫిల్టరు కూడా ఉంటుంది. పై గిన్నెలో చికోరీ కలిసిన పొడి, దాని మీద చిల్లుల బిళ్ళ, మరిగిన నీళ్ళు, మూత. అంతే, ఆ తర్వాత చేసేదేమీ లేదు. డికాక్షన్ దిగినప్పుడు దిగుతుంది. కొలత ఉంది గాని అది చెంచాలో, చేతివాటంలో ఉంది. వీ60 లాంటి పోర్-ఓవర్ పక్షం వాళ్ళు చికోరీ పేరెత్తగానే మొహం చిట్లిస్తారు. రుచి వరకు వాళ్ళ మాటలో కొంత నిజం ఉంది. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు అరబికాని చిక్కటి పాలల్లో, చికోరీలో ముంచితే దాని సన్నని సువాసనలు బతకవు. అయితే ఇద్దరూ తాగేది ఒకే పానీయం కాదు కాబట్టి రుచి తగాదా తెగేది కాదు. వ్యాపకంగా చూస్తే తేడా ఇంకోచోట ఉంది. ఫిల్టరు మనిషిని వదిలేస్తుంది, వీ60 పట్టుకుని కూర్చోబెడుతుంది. ప్రోగ్రామరుకి నచ్చేది ఆ పట్టే. అడుగడుగునా ఏదో ఒక అంకె మార్చుకునే వీలు.

కంప్యూటరువాళ్ళు కాఫీని మొదటినుంచీ ఇలాగే చూశారు. 1991లో కేంబ్రిడ్జ్ కంప్యూటర్ ప్రయోగశాలలో ట్రోజన్ రూమ్ ముందు ఒక కాఫీ పాత్ర ఉండేది. మెట్లెక్కి వెళితే ఖాళీగా కనిపిస్తోందని విసిగిపోయిన పరిశోధకులు దానికి ఎదురుగా కెమెరా బిగించారు. 128 చుక్కల అడ్డం, 128 చుక్కల నిలువు ఉన్న నలుపు తెలుపు బొమ్మ వాళ్ళ తెరల మీదికి వచ్చేది. 1993లో అది వెబ్‌లోకి ఎక్కింది, 2001లో కెమెరా ఆపేశాక ఆ పాత్రను వేలంలో ఒక జర్మన్ పత్రిక వెబ్‌సైటు 3,350 పౌండ్లు పెట్టి కొనుక్కుంది. చమత్కారమైన కథే. కానీ వాళ్ళకు కావలసింది కాఫీ రుచి కాదు, కాఫీ ఉందా లేదా అన్న సమాచారం.

ఇక సంగీతం. దూరం నుంచి చూస్తే ప్రోగ్రామరుకి ఇదే అన్నిటికన్నా దగ్గరగా కనబడుతుంది, కర్ణాటక సంగీతం మరీనూ. పదిహేడో శతాబ్దంలో వేంకటమఖి చతుర్దండి ప్రకాశికలో వేసిన 72 మేళకర్తల లెక్క చూడండి. రిషభ గాంధారాల జంటలు ఆరు, ధైవత నిషాదాల జంటలు ఆరు, మధ్యమాలు రెండు. ఆరు ఆర్లు ముప్ఫై ఆరు, రెండింతలు డెబ్భై రెండు. ఒకదానిలో ఒకటి ఇమిడిన మూడు లూపులు రాస్తే పట్టిక మొత్తం తెర మీద పడుతుంది. తొలి పాఠాలైన సరళి వరసలు మొదలయ్యే మాయామాళవగౌళ పదిహేనోది, దాని పూర్వాంగం ఎలా ఉందో ఉత్తరాంగమూ అలాగే ఉంటుంది. ఇంత పొందిక చూస్తే కోడ్ రాసేవాడికి సొంతింటికి వచ్చినట్టే ఉంటుంది.

ఆ సంబరం ఆరభి, దేవగాంధారి ఎదురయ్యేదాకానే. రెండింటి ఆరోహణ స రి మ ప ద స. రెండింటి అవరోహణ స ని ద ప మ గ రి స. కాగితం మీద రెండూ ఒకటే, ఏ ప్రోగ్రాముకి ఇచ్చినా ఒకటేనని తేలుస్తుంది. కానీ త్యాగరాజ పంచరత్నాల్లోని ఆరభి కృతి విన్న చెవితోనే దేవగాంధారిలోని ‘క్షీరసాగర శయన’ వినండి, పొరబడరు. ఆరభి గమకాలు పెద్దగా లేకుండా చురుగ్గా సాగిపోతుంది. దేవగాంధారి ఆగి, ఊగి, స్వరం నుంచి స్వరానికి తీరిగ్గా జారుతుంది. రాగం ఉన్నది స్వరాల పట్టికలో కాదు, ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి వెళ్ళే దారిలో. శ్రుతి చూపించే ఫోను యాప్‌లు చాలా ఉన్నాయి, షడ్జం, పంచమం నిలబెట్టుకోవడానికి అవి నిజంగా పనికొస్తాయి. తోడి గాంధారం దగ్గర మాత్రం పాపం వాటికి ఏం చెప్పాలో తోచదు. ఆ స్వరం ఒకచోట నిలబడితేనే తప్పు, గీత మీద కుదురుగా ఉంటేనే తప్పు.

ఇక్కడ తప్పు ఎక్కడుంది? వేలిలోనా, విల్లు పట్టులోనా, ఊపిరిలోనా, అసలు చెవిలోనే ఉందా? మూడో కాలంలో, అంటే మూడో వేగంలో, జంట వరస చెదిరితే ఫలానా చోట సరిచెయ్యమని చూపించే లాగ్ ఏదీ లేదు. గురువు మొదటి కాలానికి దించుతారు, మళ్ళీ పాడమంటారు. కారణం చెప్పరు. చాలాసార్లు చెప్పడానికి కారణం ఉండదు కూడా, చెవికి తెలిసింది మాటకు అందదు. వెనక్కి తీసుకునే మీటా లేదు. తప్పుగా సాధన చేసిన గంట వృథాగా పోతే ఫరవాలేదు, కానీ అది వేలిలో గూడు కట్టుకుంటుంది.

ప్రోగ్రామర్లకు సాధన గురించి తెలియదని కాదు. పదేళ్ళలో ప్రోగ్రామింగ్ నేర్చుకోమని పీటర్ నార్విగ్ 2001లో రాసిన వ్యాసం వాళ్ళలో చాలామందికి కంఠతా వచ్చు. దానికి మూలమైన పరిశోధనల్లో సంగీతజ్ఞుల మీద చేసినవీ ఉన్నాయి. 1993లో ఆండర్స్ ఎరిక్సన్, ఆయన సహచరులు బెర్లిన్‌లో వయొలిన్ విద్యార్థుల దినచర్యలను పరిశీలించి, మేటి విద్యార్థులు ఒంటరిగా చేసిన సాధన గంటలు మిగతావాళ్ళకన్నా చాలా ఎక్కువని చూపించారు. 2008లో మాల్కమ్ గ్లాడ్‌వెల్ దాన్ని పదివేల గంటల సూత్రంగా ప్రచారంలోకి తెచ్చాక అందరికీ గుర్తున్నది ఆ అంకె ఒక్కటే. వరసగా ఎన్ని రోజులు తప్పకుండా సాధన చేశావో లెక్కపెట్టే యాప్ కూడా ఆ అంకె సంతానమే. ఎరిక్సన్ బృందం చెప్పిన రెండో మాట మాత్రం ఎవరూ ఎత్తరు: మెరుగుపడడానికి అన్నిటికన్నా పనికొచ్చేది ఒంటరి సాధనేనని ఆ విద్యార్థులకు తెలుసు, కానీ దాన్ని ఆహ్లాదకరమైన పనుల్లో పైన పెట్టలేదు. కాఫీతో సంగీత సాధనను ఒకే గాటన కట్టలేకపోవడానికి ఇది చాలు. కాఫీ ప్రతి ప్రయోగం చివరా ఒక కప్పు ఇస్తుంది. సరళి వరస చాలాకాలం ఏమీ ఇవ్వదు.

డోనాల్డ్ నూత్ వంటివాళ్ళ మాటేమిటని ఎవరైనా అడగవచ్చు. 1968 నుంచి ‘ది ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్’ సంపుటాలు వెలువరిస్తున్న ఆయన ఇంట్లో పైప్ ఆర్గన్ ఉంది. ఆయన కూర్చిన ‘ఫాంటాసియా అపోకలిప్టికా’ను 2018 జనవరి 10న, ఆయన ఎనభయ్యో పుట్టినరోజున, స్వీడన్‌లోని పీతియోలో మొదటిసారి వాయించారు. బైబిల్లోని ప్రకటన గ్రంథాన్ని దాదాపు పంక్తి వెంట పంక్తి స్వరాల్లోకి మార్చిన రచన అది. నూత్ గారంటే నాకున్న గౌరవం చెక్కుచెదరదు గాని, ఈ పద్ధతి ఆయన పగటి ఉద్యోగానిదే. కళాశాలలో బాస్కెట్‌బాల్ జట్టు వ్యవహారాలు చూసేటప్పుడు ఆటగాళ్ళ విలువ కట్టే సూత్రం రాసి కంప్యూటరుకి ఎక్కించిన మనిషి ఆయన. ఒకే బుద్ధి మూడుచోట్లా పనిచేసింది. ఆయనకు అది చెల్లింది. మనబోటివాళ్ళు ఆయన్ని చూపించి కోడూ సంగీతమూ ఒకటేనని తీర్మానించడం మాత్రం చెల్లదు.

ఫుట్‌బాల్ దగ్గరికి వస్తే వ్యాపకం రెండుగా చీలుతుంది, చూసేది వేరు, ఆడేది వేరు. రెండింటికీ 1950లోనే చక్కని ప్రతినిధులు దొరుకుతారు. ఆ ఏడాది మార్చి 18న ఇంగ్లండ్‌లోని స్విండన్‌లో మ్యాచ్ చూస్తున్న చార్లెస్ రీప్ అనే వాయుసేన గణకుడు నోటుపుస్తకం తీసి పాసులు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. అదే 1950లో హైదరాబాద్‌లో సయ్యద్ అబ్దుల్ రహీం అనే బడిపంతులు సిటీ పోలీస్ జట్టు శిక్షణ చేపట్టారు.

గోల్స్‌లో అత్యధికం మూడు పాసులలోపే పడుతున్నాయని రీప్ లెక్క తేల్చింది. కాబట్టి బంతిని పొడవుగా ముందుకు కొట్టేయమన్నారు. లెక్క తప్పు కాదు, తీర్పు తప్పు. ఆటలో సాగే ఎత్తులే అంతకన్నా పెద్ద వంతు మూడు పాసులలోపు తెగిపోతాయి. గోల్స్ కూడా అక్కడే ఎక్కువ ఉండడంలో వింతేముంది? డేటా చూసే ఉద్యోగంలో ఉన్నవాడు ఇట్టే పట్టగలిగే పొరపాటు ఇది, అయినా ఇంగ్లిష్ ఫుట్‌బాల్ మీద దాని ప్రభావం దశాబ్దాలు నిలిచింది. ఇప్పటి ఎక్స్‌జీ లెక్కలు ఎంతో మెరుగైనవి. కొట్టిన దూరం, కోణం చూసి గోలయ్యే అవకాశం ఎంతో చెబుతాయి. శనివారం రాత్రి మేలుకుని ప్రీమియర్ లీగ్ చూస్తూ పక్కన ఫాంటసీ జట్టు పాయింట్లు కూడుకునే ప్రోగ్రామరు రీప్ వారసుడే. వీ60 ముందు కూర్చున్నదీ వీడే, చేతిలో కప్పు బదులు ఫోను ఉంది అంతే.

రహీం సాహెబ్ దారి వేరు. డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలు, బలం లేని కాలితోనే కొట్టాలన్న పోటీలు పెట్టేవారని ఆయన గురించి రాసినవాళ్ళు చెబుతారు. ఇది ఫుట్‌బాల్ సరళి వరస. తేలికైన దారి మూసేసి, రానిదాన్నే మళ్ళీ మళ్ళీ చేయించడం. పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయనే శిక్షణ ఇచ్చిన భారత జట్టు 1952 ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయింది. అదే జట్టు ఆయన శిక్షణలోనే 1956లో మెల్‌బోర్న్‌ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి చేరింది, 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చింది.

హైదరాబాద్‌లోని గచ్చిబౌలి, కొండాపూర్‌ల టర్ఫుల మీద రాత్రి గంట లెక్కన అద్దె కట్టి ఆడేవాళ్ళకు ఆ చరిత్ర తెలిసినా తెలియకపోయినా, తప్పు ప్రశ్న వాళ్ళకూ ఎదురవుతుంది. పాస్ అవతలివాడికి అందలేదు. కొట్టినవాడు గట్టిగా కొట్టాడా, పరిగెత్తవలసినవాడు నిలబడిపోయాడా? తప్పు ఒకరిలో లేదు, ఇద్దరి మధ్య గడ్డి మీద ఉంది. దాన్ని సరిచేయడానికి తెర ముందు ఒంటరిగా కూర్చుంటే కుదరదు.

నా తూకంలో కాఫీ, చూసే ఫుట్‌బాల్ ఒక పక్క, సంగీత సాధన, ఆడే ఫుట్‌బాల్ ఇంకో పక్క. మొదటి జంట ఆఫీసుకి కొనసాగింపు. అది నేరం కాదు, మంచి కాఫీ మంచి కాఫీయే. కానీ దాన్ని సాధన అనకండి. రెండో జంటలో ఆడే ఫుట్‌బాల్‌ది కొంచెం కింది మెట్టే. మోకాళ్ళు ఒప్పుకున్నన్నాళ్ళే అది, పైగా పదిమందికి తీరిక కుదరాలి. సంగీతానికి ఆ రెండు అడ్డంకులూ లేవు. దానికున్న అడ్డంకి ఒక్కటే, గురువు. డాలస్‌లోనో బెంగళూరులోనో ఉండి వీడియోలో నేర్చుకునేవాళ్ళకు ఇది తెలుసు. గొంతు అవతలికి చేరేసరికి సెకనులో కొంత భాగం గడిచిపోతుంది, ఇద్దరూ కలిసి పాడితే తాళం కలవదు. గురువు పాడి ఆగాలి, శిష్యుడు అందుకోవాలి. అసలు లేకపోవడం కన్నా అది నయమే. అయినా అలమరలో ఏళ్ళుగా వయొలిన్ పెట్టె ఉన్నవాళ్ళు ఉంటే, మీ ఊళ్ళోనే, నడిచి వెళ్ళే దూరంలో ఒక మాస్టారున్నారేమో ముందు వాకబు చేయండి.