పిన్నీసు పట్టే కంకణం

చెరకు నరికే కాలంలో చోడవరం చుట్టుపక్కల నడుంనొప్పి లేని ఇల్లుండదు. చక్కెర ఫ్యాక్టరీకి వెళ్ళే చెరకైనా, బెల్లం గానుగకి వెళ్ళే చెరకైనా వంగి నరకాల్సిందే, మోపు నెత్తికెత్తుకోవాల్సిందే. ఇలాంటి చోట అయస్కాంతం కంకణాలు, నడుం బెల్టులు, చెప్పుల్లో వేసుకునే అట్టలు అమ్ముడుపోవడంలో వింత లేదు. మా వీధిలో ఒక పెద్దావిడ కంకణం పెట్టుకుంటారు. అడిగితే, "ఏటోనమ్మా, ఇదుంటే కాస్త తేలిగ్గా ఉంటాది" అన్నారు.

ఆ మాటను నేను కొట్టిపారేయను. నొప్పి ఆవిడది, తగ్గిందో లేదో చెప్పాల్సిందీ ఆవిడే. తగ్గించింది అయస్కాంతమేనా అన్నది మాత్రం వేరే సంగతి.

1784లో పారిస్‌లో ఇలాంటిదే తేల్చడానికి ఫ్రాన్సు రాజు ఒక సంఘాన్ని వేశాడు. వియన్నాలో అయస్కాంతాలతో వైద్యం మొదలుపెట్టిన మెస్మర్, ఆనాటికి తన చేతిలోనే అయస్కాంత శక్తి ఉందనే దాకా వెళ్ళాడు. సంఘంలోని బెంజమిన్ ఫ్రాంక్లిన్, లావోయిజియేలు రోగుల కళ్ళకు గంతలు కట్టించారు. శక్తి పంపుతున్నామని చెబితే, పంపకపోయినా ఒళ్ళు స్పందించింది. చెప్పకుండా పంపితే ఏమీ కాలేదు. రోగులు అబద్ధమాడలేదు, నమ్మకం వాళ్ళ ఒంట్లో నిజంగానే పనిచేసింది. నాకు అందులో అన్నిటికన్నా విలువైనది ఆ సంగతే.

ఇంగ్లండులోని ఎక్సెటర్ పరిశోధకులు తుంటి, మోకాలి కీళ్ళు అరిగిన 194 మందికి బలమైనవి, బలహీనమైనవి, ఉత్తుత్తివి అని మూడు రకాల కంకణాలిచ్చి 12 వారాలు చూశారు. 2004లో ఫలితం ప్రకటించారు. బలమైనవి పెట్టుకున్నవాళ్ళకు ఉత్తుత్తివాటికన్నా నొప్పి ఎక్కువ తగ్గింది. కానీ తమ చేతికున్నది ఏ రకమో రోగులు కనిపెట్టి ఉండొచ్చు కాబట్టి, అది నమ్మకం ఫలమో కాదో చెప్పలేమని వాళ్ళే రాశారు. కనిపెట్టడం ఎంతసేపు? మన ఆడవాళ్ళ గాజులకు ఎప్పుడూ ఒక పిన్నీసు వేలాడుతూనే ఉంటుంది. కంకణం దాన్ని లాక్కుంటే అసలుదని తెలిసిపోతుంది. 2013లో యార్క్ పరిశోధకులు కీళ్ళవాతం ఉన్న 70 మందితో అయస్కాంతం పట్టీలనూ, మనకు బాగా తెలిసిన రాగి కడియాన్నీ వంతులవారీగా పెట్టించి చూశారు. ఉత్తుత్తివాటికన్నా చెప్పుకోదగ్గ మేలు దేనివల్లా కనబడలేదు.

రక్తంలో ఇనుముంది కాబట్టి అయస్కాంతం లాగుతుందని అమ్మేవాళ్ళు చెబుతారు. హిమోగ్లోబిన్‌లోని ఇనుము మేకులోని ఇనుములా అంటుకోదు. ఎంఆర్ఐ యంత్రంలో సాధారణంగా 1.5 లేదా 3 టెస్లాల బలం ఉంటుంది, ఈ కంకణాలకన్నా ఎన్నో రెట్లు. అందులో పడుకున్న మనిషి రక్తం కూడా ఒక పక్కకి పోగుపడదు. సుశ్రుతుడు ఒంట్లో దిగబడిన ఇనుప ములుకును లాగడానికి అయస్కాంతాన్ని చెప్పాడు. అది అయస్కాంతం చేయగలిగిన పని.

ఆ పెద్దావిడని గమనిస్తే, కంకణం పెట్టుకున్నాక కాసేపు కాళ్ళు చాపుకొని కూర్చుంటారు. కోడలు వావిలాకు వేసి కాచిన నీళ్ళతో మోకాళ్ళకు కాపడం పెడుతుంది. రోజంతటిలో ఆవిడ కూర్చునేది అప్పుడే. ఆ తేలికలో వేడినీళ్ళ పాలెంత, కోడలి చేతి పాలెంత అన్నది ఎవరూ విడదీయలేరు. నేనైతే పెద్ద పాలు వాటికే ఇస్తాను. చవక కంకణమైతే ఉండనివ్వండి, కానీ అప్పుచేసి వేలు పోసి అయస్కాంతం పరుపు కొనకండి.

గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు అయస్కాంతాన్ని ఛాతీ దగ్గరకు రానివ్వకూడదు, పేస్‌మేకర్ పనితీరు మారిపోతుంది. షుగర్, బీపీ, క్యాన్సర్ నయం చేస్తామని ప్రకటించడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది. నడుంనొప్పి కాల్లోకి దిగి తిమ్మిరెక్కుతున్నా, పొద్దున లేవగానే కీళ్ళు వాచి బిగుసుకుపోతున్నా, అరికాళ్ళకు స్పర్శ తెలియకపోయినా కంకణం మీద రోజులు నెట్టకండి. ప్రభుత్వాసుపత్రికి వెళ్ళి చూపించుకోండి, చెరకు కోత మధ్యలోనైనా సరే.