పాదము చెప్పు సాక్ష్యము

పాత జీపుల మరమ్మతునందు ఆరితేరిన మేస్త్రీ విద్యకు ఒరగల్లుగా నిలుచు రోగములలో, బ్రేకు తొక్కినపుడు పెడలు పాదము క్రింద నిలకడగా నుండక నాడివలె కొట్టుకొనుట ముఖ్యమైనది. కొత్త వాహనములలో గట్టిగా బ్రేకు తొక్కినపుడు పెడలు అదరినచో, అది చక్రములు బిగిసిపోకుండ చూచు ఏబీఎస్ యంత్రము తన పని తాను చేయుచున్నదని సమాధానపడవచ్చును. స్వాతంత్ర్యానంతరము మహీంద్రా వారు ఈ దేశమున కూర్చిన విల్లీస్ జీపులకుగాని, 1985లో వెలువడిన మారుతి జిప్సీకిగాని ఆ యంత్రము లేదు గనుక, అందలి అదురునకు ఆ సమాధానము చెల్లదు.

ఆ అదురు పుట్టుక సులభముగనే బోధపడును. నాలుగు చక్రములకును డ్రమ్ములే గల పాత జీపులో, డ్రమ్ము గుండ్రదనము చెడి ఓవలైనచో, వెడల్పైన చోట బ్రేకు షూ బయటకు జరిగి, ఇరుకైన చోట లోనికి నెట్టబడును. అట్లు నెట్టబడినపుడు వీల్ సిలిండరులోని ఆయిలు గొట్టముల వెంట వెనుకకు నడచి, మాస్టర్ సిలిండరు ద్వారమున పాదమును తట్టును. ముందు చక్రములకు డిస్కులు గల జిప్సీ వంటి వానిలో ఈ పనిని డిస్కు మందమునందలి హెచ్చుతగ్గులు చేయును. డిస్కు వేడికి వంగిపోయినదని అందరును అందురుగాని, తరచుగా జరుగునది వేరు: హబ్బుపై రవంత వంకరగా కూర్చున్న డిస్కు, బ్రేకు తొక్కని వేళలందును తిరిగినప్పుడెల్ల ఒక్కచోటనే ప్యాడ్లకు రాచుకొని, వేల కిలోమీటర్ల మీదట అచ్చట పలుచనగును. వీల్ నట్లను ఒకదాని నతిగా, ఒకదానిని వదులుగా బిగించుట, కనుమ దిగి వేడెక్కిన బండిని ఆపి పెడలు తొక్కియే యుంచుట, కాగిన డ్రమ్ముతో వాగులో దిగుట ఈ చేటునకు తోడ్పడును. బొర్రా గుహల వద్దనుండి కటికి జలపాతమునకు రాళ్ళదారిని యాత్రికులను మోయు జీపుల బోటి వానికి ఇట్టి శ్రమ నిత్యకృత్యము.

మంచి మేస్త్రీ రెంచి పట్టుటకు ముందు ప్రశ్న వేయును. బ్రేకు తొక్కకున్నను బండి అదరుచున్నదా? అట్లైనచో దోషము టైరునందో, రిమ్మున పట్టిన బురదయందో, ప్రొపెల్లరు షాఫ్టు క్రాసులందో వెదకవలెను. తొక్కినపుడే అదరుచు, స్టీరింగు చేతిలో ఊగినచో ముందు చక్రములను, స్టీరింగు నిశ్చలముగా నుండి సీటు క్రింద అదురు తెలిసినచో వెనుక చక్రములను ముందుగా అనుమానింపవలెను. గంటకు 20 కిలోమీటర్ల వేగమున సుమారు 28 అంగుళముల టైరు సెకనుకు రెండున్నర సార్లు తిరుగును. చుట్టునకు ఒక దెబ్బ పడినచో కేంద్రము తప్పిన డ్రమ్మును, రెండు పడినచో ఓవలైన డ్రమ్మును శంకించుట న్యాయము. జనములేని సమతలమున మెల్లగా పోవుచు హ్యాండ్ బ్రేకును కొంచెము కొంచెముగా లాగి, అదురు వెనుక చక్రములదేనా యని చూచుట మరియొక పరీక్ష. అయితే విల్లీస్ వంశపు జీపులలో హ్యాండ్ బ్రేకు చక్రముల మీద గాక, ట్రాన్స్‌ఫర్ కేసు వెనుకనున్న వేరొక డ్రమ్ము మీద పనిచేయును గనుక, అచ్చట ఈ పరీక్ష చక్రముల సంగతి చెప్పజాలదు.

పిమ్మట జాకీ వంతు. ముందు చక్రమును నేలనుండి లేపి, పైనను క్రిందను పట్టి ఊపినపుడు ప్లే కనబడినచో, వేరొకరిచే బ్రేకు తొక్కించి మరల ఊపవలెను. ప్లే మాయమైనచో అది వీల్ బేరింగుది; నిలిచియున్నచో స్టీరింగునకు చక్రము తిరుగు కీలైన కింగ్‌పిన్నుది. బేరింగు సరిచేయక డిస్కుపై డయల్ గేజి పెట్టుట వ్యర్థము. ఏలయన గేజి చూపు వంకర డిస్కుదో బేరింగుదో నిర్ణయింప వీలుండదు. హబ్బు ముఖముననున్న తుప్పును గీకి, డిస్కును అమర్చి, నట్లు బిగించి కొలిచినపుడు, మిల్లీమీటరులో పదియవ వంతుకు మించిన వంకర సాధారణముగా దోషమే. అంతట డిస్కును హబ్బుపై సుమారు సగము చుట్టు త్రిప్పి అమర్చి తిరిగి కొలువవలెను: ఎత్తు డిస్కుతో కూడ జరిగినచో తప్పు డిస్కుది, హబ్బుతోడనే నిలిచినచో హబ్బుది. మైక్రోమీటరుతో చుట్టును ఎనిమిది చోట్ల మందము చూచుట ఇంకను అవసరము. అచ్చట మిల్లీమీటరులో ఏబదియవ వంతు తేడాయైనను పాదమునకు తెలియవచ్చును.

ఇట్టి క్రమమును పాటింపక, అదురనగానే డ్రమ్మునో డిస్కునో లేతుకెక్కించువాడు రోగమునకు గాక లక్షణమునకు మందు వేయుచున్నాడు. హబ్బు వంకర అట్లే యున్నచో, టర్నింగు చేసిన డిస్కు కొన్నివేల కిలోమీటర్లలో మరల పలుచనై, అదురు తిరిగి వచ్చును. పైగా లేతుకెక్కిన ప్రతిసారియు లోహము తరుగును. డ్రమ్ముపై పోతపోసిన గరిష్ఠ వ్యాసమును, డిస్కుపై ముద్రించిన కనిష్ఠ మందమును దాటినపుడు దానిని మార్చుట తప్ప వేరు మార్గము లేదు. విజయవాడ ఆటోనగరు వంటి చోట్ల లేతు పనికి కొదువ లేదుగాని, లేతు ఎంత నునుపుగా కోసినను కారణమును కనిపెట్టజాలదు.

పాదము సాక్షి మాత్రమే, తీర్పు చెప్పవలసినది కొలత. కాబట్టి పాత జీపుల యజమానులు ఏ షెడ్డునకు పోయినను, బేరింగు ప్లే చూచి, గేజి పెట్టి, లెక్క చూపనిదే డ్రమ్మునుగాని డిస్కునుగాని కోయనీయకుందురు గాక.