విల్లు ఎప్పుడు ఇవ్వాలి?

మన కథల్లో ఆదివాసీ పిల్లవాడు కనిపిస్తే చేతిలో విల్లు ఉంటుంది. ఆ విల్లు ఎప్పుడు ఇచ్చారో, ఎందుకు ఇచ్చారో చెప్పిన కథలు తక్కువ. ఇదే మా అభ్యంతరం.

1943లో హైమెండార్ఫ్ చెంచుల గురించి పుస్తకం అచ్చువేసే నాటికి వేట తిండి కోసం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో అది నేరమైంది. మరి నాచారం పారిశ్రామికవాడలో పనిచేస్తూ ఉప్పల్‌లో అద్దెకుంటున్న మన యువకులకు ఆ చదువెందుకు?

పొద కదిలినా, అక్కడున్నది జంతువో మనిషో కళ్లారా చూసేదాకా బాణం వదలని పిల్లవాడే వేటకు సిద్ధమైనట్టు. ఈడు ఒక్కటే చాలదు. యంత్రం దగ్గరా అంతే. 18 ఏళ్లు నిండనివారిని ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదని చట్టం. నిండినవాడికి కూడా ముందు యంత్రం ఆపడం నేర్పాలి.

ఉపాధ్యాయులూ, రాసే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, విల్లు బొమ్మతో సరిపెట్టకండి. వదలకుండా ఆపిన బాణం గురించి కూడా చెప్పండి.