రికార్డులోకి ఎక్కని తొమ్మిది

బి.ఫార్మసీ మొదటి సెమిస్టర్ టైంటేబుల్లో 'హ్యాప్' అని ఒక గడి ఉంటుంది. హ్యూమన్ అనాటమీ అండ్ ఫిజియాలజీ. కొత్తగా చేరిన పిల్లలకు ఆ టైంటేబుల్లో కాస్త ఎరిగున్న సబ్జెక్టు అదొక్కటే. గుండె, ఊపిరితిత్తులు, ఎముకలు హైస్కూల్లో చదివినవే కదా అని ధీమాగా వస్తారు. మొదటి సెషనల్‌కే ఆ ధీమా సడలిపోతుంది. పెద్దవాళ్ల ఒంట్లో 206 ఎముకలు. ఒక్క పుర్రెలోనే 22. ఒక్కో ఎముక మీదా గుంటలు, బొడిపెలు, రంధ్రాలు. వాటిలో ప్రతిదానికీ నోరు తిరగని పేరు. సాయంత్రం పూట హాస్టల్ వరండాలో ఒకరి మణికట్టు ఒకరు పట్టుకుని స్కఫాయిడ్, ల్యూనేట్, ట్రైక్విట్రల్, పిసిఫాం అని వల్లె వేస్తూ తిరిగేవాళ్లు కనిపిస్తే, వాళ్లు మా పిల్లలే అయివుంటారు.

క్లాసులో రెండు జట్లు. బైపీసీ నుంచి వచ్చినవాళ్లు, ఎంపీసీ నుంచి వచ్చినవాళ్లు. ఎంపీసీ వాళ్లకు రెమెడియల్ బయాలజీ, బైపీసీ వాళ్లకు రెమెడియల్ మ్యాథ్స్ అదనంగా పెట్టింది ఫార్మసీ కౌన్సిల్. బైపీసీ అమ్మాయి రికార్డులో గుండె బొమ్మ క్యాలెండర్‌కి ఎక్కించేలా ఉంటుంది. ధమనులు ఎరుపు, సిరలు నీలం, పైగా షేడింగ్. ఎంపీసీ కుర్రాడి గుండె బంగాళాదుంపలా ఉంటుంది. కానీ రక్తకణాలు లెక్కపెట్టే రోజున ల్యాబ్‌లో వాడే రాజు.

ఆ లెక్క చూడముచ్చటైన లెక్క. రక్తాన్ని పిపెట్‌లో 0.5 గీత దాకా లాగి, ఆపైన 101 గీత దాకా హేయమ్స్ ద్రావణం నింపితే రక్తం 200 రెట్లు పలచనవుతుంది. దాన్ని న్యూబార్ చాంబర్‌లోకి వదిలి మైక్రోస్కోపు కింద పెడతాం. గళ్ల మీద ద్రవం లోతు 0.1 మిల్లీమీటరు. నడిమి 25 గళ్లలో ఐదింట్లోని ఎర్రకణాలు లెక్కపెట్టి, వచ్చినదాన్ని 10,000తో గుణించాలి. గీత మీద కూర్చున్న కణం మాటేమిటి? ఎడమ గీత, కింది గీత మీదున్నవి లెక్కలోకి వస్తాయి, మిగతా రెండింటి మీదున్నవి రావు. లేకపోతే ఒకే కణం రెండు గళ్లలోనూ పడుతుంది. 'పదివేలతోనే ఎందుకు గుణిస్తాం?' అని అడిగితే ముందు వరస 'ఫార్ములా మేడమ్' అంటుంది. బంగాళాదుంప గుండె వేసినవాడు లేచి, గడి వైశాల్యం, లోతు, పలచన మూడూ బోర్డు మీద పరిచి పదివేలు రాబట్టి చూపిస్తాడు. ఆ రోజుతో రెండు జట్ల మధ్య పాత లెక్కలు సరి.

ఈ కోర్సు ఒకప్పుడు చదివాను, ఇప్పుడు చెబుతున్నాను. పేర్లు వల్లె వేయడం, బొమ్మలకు రంగులేయడం ఇందులో తేలిక భాగమని నా అభిప్రాయం. మార్కులు వాటి చుట్టూ తిరుగుతాయి కాబట్టి అదే అసలు చదువని పిల్లలు అనుకుంటారు, మాలో కొందరూ అనుకుంటారు. కంటికి కనిపించింది కనిపించినట్టు కాగితం మీద పెట్టడం, అదీ కష్టం. నేర్చుకోవడమూ కష్టమే, నేర్పడమూ కష్టమే.

కనిపించడమంటే ఏమిటో చూపడానికి నాకు ఇష్టమైన పాఠం ఒకటుంది. 1628లో విలియం హార్వే రక్తప్రసరణ మీద వేసిన పుస్తకంలో, కట్టు కట్టిన ముంజేయి బొమ్మ ఉంటుంది. దాన్ని చేసి చూడటానికి ఒక గుడ్డపీలిక చాలు. మోచేతికి పైన బిగించి కడితే ముంజేతి సిరలు ఉబ్బుతాయి. వాటి మీద అక్కడక్కడా ముడుల్లా తేలేవి కవాటాలు. ఒక చోట సిరను వేలితో నొక్కిపెట్టి, ఇంకో వేలితో రక్తాన్ని గుండె వైపుగా పై ముడి దాటేదాకా తోసేస్తే మధ్య భాగం చదునైపోతుంది. పైనుంచి చుక్క కూడా వెనక్కి రాదు. కింది వేలు తీయగానే టక్కున నిండుతుంది. మా పిల్లల చేతుల్లో సిరలు అంతగా తేలవు. అందుకని ల్యాబ్ అటెండర్ చుట్టూ చేరతారు.

'బాబాయ్, ఒక్కసారి చెయ్యివ్వవా?'

'నా చెయ్యి కూడా పాఠమేనా అమ్మా!' అంటూనే ఆయన చొక్కా మడుస్తాడు. ఏళ్ల తరబడి పొలం పనులు చేసిన చెయ్యి. సిరలు తాళ్లలా లేస్తాయి. సిరలో రక్తం ఒకే దారిన పోతుందని అంతకుముందు పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లే, అప్పుడు 'అబ్బ, నిజమే!' అంటారు. హార్వే ఆ పుస్తకంలోనే ఒక గుణింతం కూడా వేశాడు. గుండె కొట్టుకున్నప్పుడల్లా బయటికి పంపే రక్తాన్ని చాలా తక్కువగా లెక్కేసుకున్నా, అరగంటలో అది ఒంట్లో ఉన్న రక్తాన్ని మించిపోతుందని. ఇప్పటి కొలతలతో మేం వేస్తే, దెబ్బకు 70 మిల్లీలీటర్లు, నిమిషానికి 72 దెబ్బలు, అంటే నిమిషంలోనే ఐదు లీటర్లు. అంత రక్తం ప్రతి నిమిషం కొత్తగా తయారవడం సాధ్యం కాదు, ఉన్నదే తిరగాలి.

ఇక హిమోగ్లోబిన్ రోజు. సాహ్లీ పద్ధతి మా ల్యాబులో ఇంకా నడుస్తోంది. గొట్టంలో సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసి, ఉంగరపు వేలు స్పిరిట్ దూదితో తుడిచి, లాన్సెట్‌తో పొడిచి, మొదటి చుక్క తుడిచేసి, రెండో చుక్క నుంచి 20 మైక్రోలీటర్ల రక్తం అందులో కలపాలి. పది నిమిషాల్లో అది కాఫీ రంగుకు తిరుగుతుంది. అప్పుడు డిస్టిల్డ్ వాటర్ చుక్క చుక్కగా వేస్తూ, గాజుపుల్లతో కలుపుతూ, పక్కనున్న గోధుమరంగు గాజుతో రంగు కలిసేదాకా పలచన చేయాలి. కిటికీ దగ్గర, పగటి వెలుతురులో. రంగులు కలిసిన చోట ద్రవమట్టం దగ్గరున్న అంకె చదవాలి. ఒక చుక్క ఎక్కువైతే వెనక్కి తీసే దారి లేదు.

ఆ రోజు ఎవరో ఒకరు కళ్లు తిరిగి పడిపోతారు. సాధారణంగా అందరికన్నా పొడుగ్గా ఉండి, పొద్దుటి నుంచి అమ్మాయిలకు ధైర్యం చెబుతున్న కుర్రాడే. రక్తం చూడగానే వేగస్ నాడి గుండె వేగాన్ని తగ్గిస్తుంది, కాళ్లలో రక్తనాళాలు వదులవుతాయి, బీపీ పడిపోతుంది, మెదడుకు రక్తం చాలదు. నేల మీద పడటమే సగం వైద్యం, ఎందుకంటే పడుకున్న మనిషి మెదడుకు గుండె నుంచి రక్తం పైకెక్కనక్కర్లేదు. కాళ్లు స్టూలు మీదికెత్తి పెడతాం. వాడు తేరుకుని నీళ్లు తాగుతుంటే పక్కనే ఇంకొకరు నాడి పట్టుకుని లెక్క చెబుతుంటారు. 48, 56, 64. అటానమిక్ నాడీవ్యవస్థ మీద నేను గంటసేపు చెప్పేది ఆ మూడు అంకెల్లో అందరికీ ఎక్కుతుంది. పడిపోయినవాడికి తప్ప.

అసలు గొడవ రీడింగ్ వచ్చాక మొదలవుతుంది. ఒక బ్యాచ్‌లో ఒకమ్మాయికి 9 వచ్చింది. గొట్టం వైపు చూసింది, పక్కమ్మాయి పుస్తకం వైపు చూసింది, మెల్లగా నా దగ్గరికొచ్చింది.

'తప్పొచ్చింది మేడమ్. 12.5 వేసుకోనా?'

12.5 ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. సీనియర్ల రికార్డులు హాస్టల్లో చేతులు మారుతుంటాయి. వాటిలో అబ్బాయిలందరికీ 14.5, అమ్మాయిలందరికీ 12.5. తరతరాలుగా అందరిదీ ఒకే రక్తం. చాలా కాలేజీల్లో రికార్డులు దిద్దేవాళ్లకూ అదే సుఖం. నార్మల్ రాసి ఉంటే టిక్కు, లేకపోతే ప్రశ్నలు, మళ్లీ ప్రయోగం, మళ్లీ సంతకం.

మళ్లీ చేయమన్నాను. తప్పు జరిగే దారులు లేకపోలేదు. చుక్క రాలేదని వేలు పిండితే రక్తంతోపాటు కణజాల ద్రవం వచ్చి అంకె తగ్గుతుంది. పిపెట్‌లో గాలి బుడగ పడ్డా తగ్గుతుంది. రంగు పోల్చేది కన్ను కాబట్టి ఒకరి కంటికీ ఇంకొకరి కంటికీ తేడా ఉండనే ఉంటుంది. రెండోసారి ఇంకో వేలు, నిదానంగా, నేను పక్కనే నిలబడి. తొమ్మిదికి కాస్త పైన ఆగింది.

గర్భిణులు కాని స్త్రీలలో 12 గ్రాముల కన్నా తక్కువుంటే రక్తహీనత అని ప్రపంచ ఆరోగ్య సంస్థ గీత గీసింది. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మంది ఆ గీతకు కిందే ఉన్నారు. అంటే మా ల్యాబులో అమ్మాయిలందరికీ 12.5 రావడమే అనుమానించాల్సిన ఫలితం. ఇంత పెద్ద సంగతి పిల్లల వేలి చివర దొరుకుతుంటే, దాన్ని చెరిపేసి పుస్తకంలోని అంకె ఎక్కిస్తున్నాం.

పుస్తకంలోని మనిషి సంగతీ చెప్పాలి. ఫిజియాలజీ పుస్తకాల్లో లెక్కలన్నీ ఎక్కువగా 70 కిలోల యువకుడి మీద నడుస్తాయి. ఐదు లీటర్ల రక్తం ఆయనదే. మా క్లాసులో 42 కిలోల అమ్మాయిలున్నారు. స్త్రీలకు కిలోకు 65 మిల్లీలీటర్ల చొప్పున వేసుకున్నా వాళ్ల ఒంట్లో ఉండేది దాదాపు 2.7 లీటర్లు. పుస్తకం తప్పని అనను. ఆయన్ని పెట్టుకోకపోతే లెక్క మొదలే కాదు. కానీ ఆయన్ని పక్కన పెట్టి నీ లెక్క నువ్వు వేసుకో అని కోర్సులో ఎక్కడో ఒకచోట చెప్పాలి. దానికి వ్యతిరేక దిక్కున ఇంకో పొరపాటు పొంచి ఉంటుంది. ఒకసారి వెనక బెంచీ నుంచి ఒకడు 'సగం మందికి పదే ఉంటే పదే నార్మల్ కదా మేడమ్' అన్నాడు. మంచి ప్రశ్న, ఆ పీరియడంతా దానికే పోయింది. ఎక్కువమందికి ఉన్నంత మాత్రాన నార్మల్ అయిపోదు. మెట్లెక్కితే ఆయాసపడే అమ్మాయిలు ఎందరున్నా ఆయాసం ఆయాసమే. నార్మల్ గీత గీయడానికి ముందు ఆరోగ్యంగా ఉన్నవాళ్లను ఏరాలి, ఆ తర్వాతే కొలవాలి.

కండరాల పాఠం దగ్గర ఈ మాట మళ్లీ ఎత్తుతాను, ఎందుకంటే అక్కడ భీమవరం మనిషి ఉన్నాడు. 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యం చదివి హార్వర్డ్ చేరి, సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి ప్రకటించాడు. అదీ రంగు పోల్చే పనే, కాకపోతే నీలం రంగు. కండరం నుంచి తీసిన ద్రావణంలో ఆ నీలం రావాల్సిన వేగంతో రాలేదు, ఆలస్యంగా చిక్కబడింది. రసాయనం పాడైందనో, చేతి పొరపాటనో ఇంకెవరైనా సరిపెట్టుకునేవారేమో. వాళ్లిద్దరూ ఆ ఆలస్యం వెంట పడ్డారు. కండరంలో విడి ఫాస్ఫేట్ అని అందరూ అనుకుంటున్నదాంట్లో చాలా భాగం క్రియాటిన్‌తో కట్టుబడి ఉన్నదని 1927లో తేల్చారు. కండరం పనిచేస్తే అది తరుగుతుంది, విశ్రాంతిలో మళ్లీ పెరుగుతుంది. ఫాస్ఫోక్రియాటిన్ అలా దొరికింది. 1929లో వాళ్లే కండరం నుంచి ఏటీపీని వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని పట్టుకున్నాడు. భీమవరం పేరు వినగానే పశ్చిమ గోదావరి పిల్లలు కాలరెగరేస్తారు, ఎగరేయనివ్వండి. నాకు మాత్రం ఆ ఆలస్యంగా వచ్చిన నీలం ముఖ్యం. ఫలితం ఇలా ఉండాలని ముందే రాసి పెట్టుకున్న రికార్డులో దానికి చోటుండేది కాదు.

మా ల్యాబులో చిన్న మార్పులు రెండు చేశాను. అంకెలు పైకి చదవొద్దని చెప్పాను. ఎవరి రక్తం సంగతి వాళ్లది, క్లాసుకంతటికీ ఎందుకు? రికార్డులో 'నార్మల్' పక్కన 'చూసినది' అని ఇంకో గడి గీయించాను. రెండూ కలవకపోతే కింద కారణం రాయాలి. మొదట్లో అందరూ 'బుడగ' అని రాశారు. నెమ్మదిగా ఇతర కారణాలు వచ్చాయి. పొద్దున టిఫిన్ మానేసి టీ తాగడం, నెలసరిలో రక్తం ఎక్కువ పోవడం, బడిలో వారానికోసారి ఇచ్చిన నీలం రంగు ఐరన్ మాత్రను గోడ అవతలికి విసిరేయడం. అవి చదువుతుంటే నాకు ఫిజియాలజీ కన్నా ఎక్కువ తెలిసింది.

తొమ్మిది వచ్చిన అమ్మాయిని డాక్టరు దగ్గరికి పంపాను. ఐరన్ మాత్రలు మొదలయ్యాయి. భోజనం వెంటనే టీ తాగితే ఇనుము సరిగా ఒంటికి పట్టదని పుస్తకంలో వెతికి తనే హాస్టల్ గది తలుపు మీద రాసి అంటించిందట. రూమ్మేట్లకు విసుగు.

రెండో సెమిస్టర్ సిలబస్‌లో సెల్ ఎనలైజర్‌తో రక్తపరీక్ష చూపించే ప్రాక్టికల్ ఉంటుంది. ఇలాంటి యంత్రముండగా సాహ్లీ ఎందుకని స్టాఫ్‌రూంలో ఏటా వాదనే. బయట ల్యాబుల్లో ఎవరూ వాడటం లేదంటారు, అది నిజం. ఒప్పుకుంటాను, కానీ తీసేయనివ్వను. యంత్రం కాగితం మీద అచ్చేసిచ్చే దశాంశాన్ని పిల్లలు అనుమానించడానికి భయపడతారు. తమ కంటితో కలిపిన రంగును అనుమానించగలరు. మాత్రల అమ్మాయి ఆ ప్రాక్టికల్‌కు పాత రికార్డు పట్టుకొచ్చింది. యంత్రం 11.2 చూపించింది. రెండిట్లో ఏది రాయాలని అడిగింది. పక్కపక్కనే రెండూ రాసి, తేదీలు వేయమన్నాను. ఎక్స్‌టర్నల్ అడిగితే ఏం చెప్పాలంది. అడిగితే బాగుండునని నాకు లోలోపల ఉంది గానీ, వచ్చినాయన గుండె బొమ్మ వేయమని కూర్చోబెట్టారు.