సిగ్గు హరించే గంటలు

అత్యవసర విభాగానికి వచ్చే మూత్ర, జననాంగ సమస్యలలో గంటలతో పందెం వేయవలసినవి కొన్నే అయినా, ఆ కొన్నింటిలో వైద్యుని హస్తనైపుణ్యం కన్నా రోగి ఇంటివద్ద గడిపివేసిన కాలమే ఫలితాన్ని ఎక్కువగా నిర్ణయిస్తుంది. ఆ కాలంలో కొంత తెలియనితనం వల్ల పోతే, కొంత సిగ్గు వల్ల పోతుంది.

వృషణాన్ని వేలాడదీసి ఉంచే, రక్తనాళాలతో కూడిన తాడు తన చుట్టూ తాను మెలిపడి రక్తప్రసరణ నిలిచిపోవడాన్ని టార్షన్ అంటారు. కౌమారంలోని బాలురలో ఎక్కువగా కనిపించే ఈ స్థితిలో సుమారు 6 గంటలలోపు శస్త్రచికిత్సతో మెలిక విప్పితే వృషణం చాలావరకు దక్కుతుంది. 24 గంటలు దాటితే దక్కడం అరుదు. నొప్పి కొన్నిసార్లు పొత్తికడుపులోనే తోచడం వల్ల, అసలు చోటు చెప్పడానికి బాలుడు జంకడం వల్ల ఇది కడుపునొప్పిగా నమోదవుతుంది. అందుచేత పొత్తికడుపు నొప్పితో వచ్చిన ప్రతి బాలునికీ, చాటు కల్పించి, వృషణాలను కూడా పరీక్షించాలి. అనుమానం బలంగా ఉంటే స్కానింగ్ కోసం శస్త్రచికిత్సను ఆపరాదు.

వృద్ధులలో మూత్రం బిగిసిపోవడానికి తరచుగా మూలం ప్రోస్టేట్, అనగా మూత్రాశయం కింద మూత్రనాళాన్ని చుట్టి ఉండే గ్రంథి, పెరగడమే. అటువంటివారికి కొన్ని రకాల జలుబు మాత్రలు కూడా మూత్రం ఆగిపోయేలా చేయగలవు. దీనికి ఉపశమనం ఫోలే క్యాథటర్, అంటే లోపల నిలవడానికి చివర నీటితో ఉబ్బే బుడగ గల గొట్టం. మూత్రం రావడం కనబడకముందే బుడగను నింపితే మూత్రనాళం చిట్లవచ్చు. కటి ఎముక విరిగినవారిలో మూత్రద్వారం వద్ద రక్తం కనిపిస్తే, నాళంలోకి రంగు మందు పంపి ఎక్స్‌రే తీసేవరకు గొట్టం వేసే ప్రయత్నం చేయకూడదు.

కిడ్నీ రాయి నొప్పి ఎంత దుర్భరమైనా చాలామందిలో ఇంజెక్షన్‌తో లొంగుతుంది. అయితే ఆ నొప్పికి చలిజ్వరం తోడైతే, రాయి అడ్డుపడిన కిడ్నీలో ఇన్‌ఫెక్షన్ సోకిన మూత్రం నిలిచిపోయి ఉండవచ్చు గనుక, యాంటీబయాటిక్ ఒక్కటే చాలదు. స్టెంట్, అంటే కిడ్నీ నుంచి మూత్రాశయానికి మూత్రం దిగే దారిలో అమర్చే సన్నని గొట్టం, ద్వారా గానీ నడుము వైపు నుంచి వేసే గొట్టం ద్వారా గానీ ఆ మూత్రాన్ని వెంటనే బయటకు తీయకపోతే ఇన్‌ఫెక్షన్ రక్తానికి పాకి ప్రాణాలు తీయగలదు.

కనుక ఈ వైద్యంలో గొట్టం వేయడం కన్నా కష్టమైనది, "వృషణాలలో నొప్పి ఉందా?" అన్న, అడగడానికి అందరూ మొహమాటపడే ప్రశ్నను తడబడకుండా అడగడం. అర్ధరాత్రి నొప్పితో లేచిన కుమారుణ్ణి ఆ ప్రశ్న మొదట అడగవలసినవారు తల్లిదండ్రులు. జవాబు అవునని వస్తే తెల్లవారేదాకా ఆగకూడదు.